గుర్తు లేని పొట్లాలు

ఇదివరకు తెల్లవారితే రుక్కమ్మ చేసే మొదటి పని పాల మీది మీగడ తీసి వెన్న కుండలో వేయడం. ఆ వెన్న కాచి, నెయ్యి సీసాలో పోసి, వికారాబాద్ పోయే ప్యాసింజర్‌లో తెలిసినవాళ్ళెవరు కనబడితే వాళ్ళ చేతికిచ్చి కూతురు నీలమ్మకు పంపేది. నీలమ్మ పోయి ఏడాది దాటింది. ఇప్పుడు మీగడ కుండ దాకా పోవడం లేదు. పాలగిన్నె మూత చప్పుడైతే చాలు, మనవరాలు శివలీల కళ్ళు నులుముకుంటూ వచ్చి పొయ్యి పక్కన చతికిలబడుతుంది. గరిటెడు మీగడ మీద ఇంత చక్కెర చల్లి నోట్లో పెట్టాలి. అది మింగాకనే జడ వేయించుకుంటుంది. జడ వేస్తున్నంతసేపూ రుక్కమ్మ వేళ్ళు ఆ వెంట్రుకల్లో తన బిడ్డ తలనే వెతుక్కుంటాయి. పైకి మాత్రం ఏమీ అనదు. నీలమ్మ ఉన్నప్పుడు కూడా రుక్కమ్మ మాట్లాడేది తక్కువే.

కామెర్లతో నీలమ్మ కన్నుమూసిన నాటి నుంచి పిల్ల తాండూరులో అమ్మమ్మ దగ్గరే ఉంటోంది. అల్లుడు శంకరప్ప వికారాబాద్ స్టేషన్లో పార్సిల్ ఆఫీసులో పనిచేస్తాడు. ఆదివారం పొద్దున బండికి వచ్చి, పిల్లకు బిస్కెట్ పుడా ఇచ్చి, మామ మల్లప్పతో పప్పు మిల్లు ముచ్చట్లు రెండు చెప్పి, సాయంత్రం బండికి పోతాడు.

ఎనభై మూడో సంవత్సరం, దసరా పోయిన ఆదివారం వచ్చినప్పుడు మాత్రం అతను కూర్చోలేదు. నడవలోనే నిలబడి చెప్పాడు.

"అత్తమ్మా, దౌల్తాబాద్ సంబంధం ఇంచుమించు ఖాయమైనట్టే. శుక్రవారం లీల పుట్టినరోజు గదా, మా క్వార్టర్ల పార్టీ లెక్క చేస్తున్న. వాళ్ళు గూడ వస్తరు. వాళ్ళు పిల్లను చూస్తరు, పిల్ల వాళ్ళను చూస్తది. మంచిగనిపిస్తే గా దినమే మాట అయిపోతది."

"మాట అయితే... పిల్ల?"

"పిల్ల నా దగ్గర్నే ఉంటది గద. ఇంట్ల ఆడమనిషి వచ్చినంక ఇంక నీకెందుకు తక్లీఫ్?"

రుక్కమ్మ పొయ్యిలో కట్టె ముందుకు తోసింది. కట్టె బాగానే మండుతోంది, తోయవలసిన పని లేదు.

"ఇంగోటి అత్తమ్మా. నీలమ్మ చేస్తుండె చూడు, మలాయి పొట్లాలు. గవి చేస్క రా. మా ఆఫీసోళ్ళు ఇప్పటికీ యాది చేస్తరు. దౌల్తాబాదోళ్ళు మన లింగాయతులే, మస్తు మడి మనుషులు. నీ చేతిదంటే తింటరు."

సరేనన్నట్టు తలూపింది. కూతురి చేతివంట తీసుకుపోయి, కూతురి ఇంట్లో, కూతురి చోటుకు వచ్చే మనిషికి పెట్టాలి. పెట్టిన తరువాత పిల్లను అక్కడ వదిలేసి రావాలి. అల్లుడు అడిగింది అదేనని ఆమెకు అర్థమైంది. అల్లుడికే అర్థమైనట్టు లేదు.

మలాయి పొట్లాలు నీలమ్మకు పక్కింటి అష్రఫున్నీసా నేర్పింది. పెద్ద కష్టమేమీ లేని పని. స్టేషన్ దగ్గర బేకరీలో పఫ్ పిండి పొరలు పొరలుగా వత్తి, చదరపు ముక్కలు కోసి అమ్ముతారు. అవి తెచ్చుకుంటే సగం పని అయినట్టే. ఇంట్లో వెన్నలో ఇంత మైదా పచ్చివాసన పోయేదాకా వేయించి, పాలు పోసి, గరిటెకు అంటుకునేదాకా తిప్పి, అందులో మీగడ, ఉడికిన బఠాణీలు, సన్నగా తరిగిన పచ్చిమిర్చి, మిరియాల పొడి వేయాలి. అది బాగా చల్లారాలి. వేడి మీద పెడితే పిండిలో డాల్డా కరిగి పొరలు పొంగవు. చల్లారిన ముద్దను ముక్క మధ్యలో పెట్టి, అంచులు తడిచేసి, మడిచి, పైన పాలు పూసి, తట్టలో పేర్చి మళ్ళీ బేకరీకే తీసుకుపోతే భట్టీలో కాల్చి ఇస్తారు.

పండుగలకూ పెళ్ళిళ్ళకూ ఎన్నో ఇళ్ళ తట్టలు ఒకే భట్టీలోకి పోతాయి. అక్కడే కోసిన ముక్కలు కాబట్టి అందరివీ ఒకే తీరుగా ఉంటాయి. అందుకని ఎవరి ఇంటి గుర్తు వాళ్ళు వత్తుతారు. అష్రఫున్నీసా తాళంచెవి కొన నొక్కుతుంది. ఇంకొకరు లవంగం గుచ్చుతారు. నీలమ్మ తన కుంకుమ బరిణె మూత నొక్కేది. కాలి వచ్చాక ప్రతి పొట్లం మీద గుండ్రంగా చిన్న వలయం కనబడేది. పిల్లలు దాన్ని బొట్టు పెట్టుకున్న పొట్లం అనేవాళ్ళు.

శుక్రవారం పొద్దున అష్రఫున్నీసా వచ్చి గిన్నెలో వేలు పెట్టి నాకింది.

"ఉప్పు తక్కువైంది రుక్కమ్మక్కా. ఏడ్చుకుంట చేసినవా ఏంది? ఏడిస్తే ఉప్పు ఎక్కువ గావాలె గదా!"

రుక్కమ్మ నవ్వబోయింది, పెదవులు సగంలోనే ఆగిపోయాయి. ఉప్పు మాత్రం వేసింది.

"నేనుండి మొత్తం మడుస్తుంటి గని, ఇయ్యాల కరీం సేఠ్ ఇంట్ల మంగ్నీ. పొద్దుగాల్నించి పిలుస్తనే ఉన్నరు. జర జల్ది పో బేకరీకి. ఇయ్యాల భట్టీ తీరదు."

కరీం సేఠ్ ఆ బేకరీ యజమాని, ఆ రోజు నిశ్చితార్థం వాళ్ళింట్లోనే. అష్రఫున్నీసా చెంగు దులుపుకొని వెళ్ళిపోయింది. పొట్లాలన్నీ మడిచి తట్టల్లో పేర్చాక రుక్కమ్మ గూట్లోంచి బరిణె తీసింది. కూతురి పెట్టెలోంచి తెచ్చుకున్న నాటి నుంచి అది తెరవనే లేదు. మూత తిప్పితే లోపల కుంకుమ గట్టిపడి ఉంది, నీలమ్మ వేలు తాకిన గుంట అలాగే ఉంది. మూత పట్టుకొని మొదటి పొట్లం దాకా చెయ్యి తెచ్చి ఆగింది.

ఆ ఇంట్లోకి వచ్చే కొత్త మనిషి పళ్ళ కింద నా బిడ్డ గుర్తు నలగాలా?

మూత బరిణెకు పెట్టేసింది. తట్టలు అలాగే, ఏ గుర్తూ లేకుండా, నెత్తిన పెట్టుకొని బేకరీకి పోయింది.

బేకరీ ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. గల్లాలో కూర్చున్నతను తట్టలు అందుకొని వెనక్కి చూడకుండా లోపలికిచ్చాడు. భట్టీ ముందు మజహర్ చెమటతో, పొడుగాటి కర్రతో తట్టలు తోస్తున్నాడు, లాగుతున్నాడు. బండి వేళ దగ్గర పడుతోంది. శివలీల కొత్త గౌను వేసుకొని, "అవ్వా, బండి పోతది, బండి పోతది" అని చెయ్యి గుంజుతోంది. చివరికి వేడివేడి పొట్లాలు ఆమె బుట్టల్లోకి వచ్చిపడ్డాయి. రుక్కమ్మ పైన గుడ్డ కప్పి పరుగులాంటి నడకతో స్టేషన్‌కు చేరింది.

ధారూర్ దాటాక శివలీల గుడ్డ కిందికి చెయ్యి పెట్టింది.

"వద్దు బిడ్డ. పార్టీల తిందువు."

"ఒక్కటే అవ్వా. ఇరిగినదే తీస్కుంటున్న." పిల్ల ఒక పొట్లం తీసి మూల విరిచింది. విరిచినది నోటి దగ్గరే ఆగిపోయింది. "అవ్వా, ఇది మన పొట్లం గాదు."

రుక్కమ్మ చూసింది. లోపల తెల్లగా లేదు. గోధుమ రంగులో పొడిపొడిగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే లవంగం, అల్లం, వాటి కింద ఇంకో వాసన. ఖీమా.

అప్పుడు గుర్తొచ్చింది, ఎన్నడో నవ్వుకుంటూ అష్రఫున్నీసా చెప్పిన మాట: బేకరీ వాళ్ళ ఇంటి తట్టలకు గుర్తుండదు. భట్టీ వాళ్ళదే అయినప్పుడు గుర్తెందుకు? గుర్తు లేకపోవడమే కరీం సేఠ్ ఇంటి గుర్తు. ఈ రోజు ఆయన ఇంట్లోనే మంగ్నీ. గుర్తు లేని తట్టలన్నీ ఒకే ఇంటివనుకొని మజహర్ కలిపేసి ఉంటాడు. తప్పు అతనిది కాదు.

రుక్కమ్మ ఆ ముక్కను కాగితంలో చుట్టి బుట్ట అడుగున దోపింది. ఇంకెన్ని ఉన్నాయో పైకి చూస్తే తెలియదు. అన్నీ ఒకే తీరుగా పొంగి, ఒకే తీరుగా ఎర్రగా కాలి ఉన్నాయి. మొత్తం కిటికీలోంచి పారేద్దామని బుట్ట మీద చెయ్యి వేసింది.

ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఇంకో ఆలోచన వచ్చింది మరి.

ఏమీ అనకపోతే? ఆ మడి మనుషుల్లో ఒకరు కొరుకుతారు. నోట్లోది ఉమ్మి, లేచి, దౌల్తాబాద్ బస్సెక్కుతారు. ఇటువంటి ఇంటికి పిల్లనివ్వం అంటారు. మాట తప్పిపోతుంది. సాయంత్రం బండికి శివలీల తనతో తాండూరు వచ్చేస్తుంది. రేపు పొద్దున పాలగిన్నె మూత తీస్తే కళ్ళు నులుముకుంటూ వస్తుంది. తను చేయవలసిందేమీ లేదు. మాట్లాడకుండా ఉంటే చాలు, అదేమో ఆమెకు అలవాటైన పనే.

"ఎవ్వరికి చెప్పకు" అంది పిల్లతో. ఎందుకన్నదో అనేశాక తెలిసి, కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

వికారాబాద్‌లో బండి ఆగీ ఆగకముందే శంకరప్ప పరుగెత్తుకొచ్చి రెండు బుట్టలూ లాక్కున్నాడు. "లేటైంది అత్తమ్మా, అందరొచ్చి కూసున్నరు." ఆమె అతని వెనకాలే నడుస్తూ, "అయ్యా, జర ఆగు..." అంది. ఆ గొంతు ఆమెకే వినబడలేదు. గట్టిగా ఇంకోసారి అనవచ్చు. అనలేదు.

క్వార్టర్ గోడలకు రంగు కాగితాలు అంటించారు. పార్సిల్ ఆఫీసు వాళ్ళు అరుగు మీద, దౌల్తాబాద్ వాళ్ళు లోపల చాప మీద కూర్చున్నారు. కాబోయే పెళ్ళికూతురు జంగమ్మ గోడకు ఒదిగి తల వంచుకొని ఉంది. పక్కన ఆమె మేనత్త భాగమ్మ, నుదుట విభూతి పట్టెలతో ఇల్లంతా కళ్ళతోనే కొలుస్తోంది. పిల్లలకు కేకు కోసి పంచేశారు. కేకులో గుడ్డుంటుందని పెద్దలు ముట్టలేదు. వాళ్ళ ముందుకు పొట్లాల పళ్ళెం వచ్చింది.

భాగమ్మ ఒకటి తీసి అటూ ఇటూ తిప్పింది. "బేకరీల కాల్చినయేనా? గాడ మాంసం గిట్ల గూడ కాలుస్తరంట గదా?"

"నిప్పొక్కటే వాళ్ళది అత్తా," అన్నాడు శంకరప్ప నవ్వుతూ. "పిండి కొన్నదే గని, లోపలిదంత మా అత్తమ్మ చేతిది. వట్టి పాలు, మీగడ."

"నిప్పుకేముంది తియ్, అన్నిట్ని కాలుస్తది." భాగమ్మ రుక్కమ్మ వైపు తిరిగింది. "వదినే, నీ మాట మీద తింటున్న చూడు."

రుక్కమ్మ గడప దగ్గర నిలబడి ఉంది. ఇంతవరకు తను ఒక్క మాట కూడా అనలేదు. ఏ మాట మీద తింటుంది ఈమె?

భాగమ్మ పక్కనే నిలబడి శివలీల అమ్మమ్మనే చూస్తోంది. ఒకసారి భాగమ్మ చేతిని, ఒకసారి అమ్మమ్మ మొహాన్ని. పిల్ల పెదవులు కదిలాయి. చెప్పాలా వద్దా అని అడుగుతున్నాయి ఆ కళ్ళు. రుక్కమ్మ కనుబొమ్మ ఇంత కదిలించినా చాలు, పిల్ల నోరు మూసుకుంటుంది. రేపటి నుంచి ఎప్పుడూ, ఎవరి దగ్గరైనా, అలాగే మూసుకుంటుంది.

పొట్లం భాగమ్మ నోటి దాకా పోయింది.

"తినకుండ్రి!"

రుక్కమ్మ గొంతు అంత పెద్దగా వస్తుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. అరుగు మీదివాళ్ళు కూడా తిరిగి చూశారు.

"చేతుల ఉన్నయి కింద పెట్టుండ్రి. గుర్తు పెట్టకుంట కాల్పిచ్చిన. వేరేటోళ్ళ ఖీమా పొట్లాలు కలిసినయ్."

భాగమ్మ చేతిలోది నిప్పు తగిలినట్టు పళ్ళెంలో పడేసింది. "శివశివా!" అంటూ లేచి, దొడ్లో చేతులు కడుక్కొని, నోరు పుక్కిలించి వచ్చింది. నోట్లోకి పోయింది ఏమీ లేదు. శంకరప్ప మొహం నల్లబడింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అంది భాగమ్మ.

"బండ్ల."

"బండి దిగంగనే ఎందుకు చెప్పలే మరి?"

పని తొందరలో మరిచిపోయానని అనవచ్చు. అల్లుడు వినలేదని అనవచ్చు, అందులో కొంత నిజం కూడా ఉంది. రుక్కమ్మ చెంగు కొస వేలికి చుట్టుకుంది.

"చెప్పొద్దనే అనుకున్న. చెప్పకుంటే మీరు లేచి పోతరు, పిల్ల నా తాన్నే ఉంటదనుకున్న."

బయట గూడ్సు బండి ఒకటి సాగి సాగి పోతూనే ఉంది. భాగమ్మ చాప మీది సంచీ అందుకుంది. ఆమె వెంట మగవాళ్ళు కూడా లేవబోయారు.

అప్పుడు జంగమ్మ తల ఎత్తింది. ఎత్తి, లేచి, పళ్ళెం, బుట్టలు తీసుకొని రుక్కమ్మ దగ్గరికొచ్చింది.

"ఇప్పి చూస్తే తెలుస్తది గద పెద్దమ్మా, ఏది ఏందో?"

"నువ్వు ముట్టకు బిడ్డ, నేను ఇప్పుత."

"పెండ తీసే చేతులే ఇవి. కడుక్కుంటే పోతది."

"జంగీ!" అని మేనత్త అరిచింది. జంగమ్మ వినబడనట్టే దొడ్డి గుమ్మం మెట్టు మీద కూర్చుంది. రుక్కమ్మ పక్కన కూర్చుంది. ఇద్దరూ ఒక్కొక్క పొట్లమే విరుస్తూ పోయారు. తెల్లవి ఒక పళ్ళెంలో, గోధుమ రంగువి ఒక కాగితం మీద. పైనంతా తెల్లవే వచ్చాయి. రుక్కమ్మకు ఊపిరి కాస్త తిరిగింది. రెండో బుట్ట అడుగుకు పోయేసరికి మళ్ళీ ఖీమా తేలింది, తరువాత వరుసగా అవే. విరిచిన ప్రతిదానికీ రుక్కమ్మ భుజాలు కొంచెం కొంచెం కుంగాయి. ఇవన్నీ తను తెలిసి తెచ్చినవే.

పార్సిల్ ఆఫీసు హమాలీ హన్మయ్య గుమ్మం దగ్గర తచ్చాడాడు. "అమ్మా, గా కాగితం మీదియి ఏం చేస్తరు?"

"పారేస్తం."

"అయ్యో, నా పొట్టల పారేయిండ్రి. గిసొంటి తప్పు రోజు జరగాలె!"

అరుగు మీద ఎవరో పగలబడి నవ్వారు. జంగమ్మ కూడా నవ్వి, ఒక తెల్ల ముక్క నోట్లో వేసుకుంది.

"మంచిగున్నది. గుర్తు పెట్టలేదన్నవ్, ఎందుకు పెట్టలే?"

"మా నీలమ్మ బరిణె మూత వత్తుతుండె." రుక్కమ్మ తల ఎత్తలేదు. "నీ పళ్ళ కింద పడొద్దనుకున్న."

జంగమ్మ నమలడం ఆపింది. ఆ మాట ఆమెకు తగిలిందని తెలుస్తూనే ఉంది. తరువాత నెమ్మదిగా అంది: "గుర్తు లేకుంటే నాకు భయం పెద్దమ్మా. ఇంగోసారి పెట్టుకొనే రా. నేను గుర్తు పక్క నుంచి కొరుకుత."

జంగమ్మ మెట్టు మీంచి లేవకపోయేసరికి పోబోయినవాళ్ళు ఆగారు, లోపల మగవాళ్ళ మాటలు చాలాసేపు నడిచాయి. భాగమ్మ పొట్లాలు ముట్టలేదు, అరటిపండు తిన్నది. చివరికి ఆకులూ వక్కలూ చేతులు మారాయి. మాట ఖాయమైంది. కార్తీకం పోయాక పెళ్ళి. బస్సుకు పోతూ భాగమ్మ గుమ్మంలో ఆగింది.

"వదినే, పెండ్లికి రా. తినేటియి మాత్రం తేకు."

ఆ సాయంత్రం బండికి శివలీల అమ్మమ్మతోనే వచ్చింది, పెళ్ళయ్యేదాకా మాత్రమే. జంగమ్మ స్టేషన్ దాకా వచ్చి, కిటికీ బయట నిలబడి పిల్లతో అన్నది రుక్కమ్మ చెవిన పడింది. "బట్టలన్ని తీస్క రాకు లీలా. కొన్ని అవ్వ తాన ఉండని. ఉంటే ఎప్పుడంటె అప్పుడు చేతులూపుకుంట పోవచ్చు, ఎవర్ని అడిగే పని లేదు."

పెళ్ళయిన మరుసటి ఆదివారం శంకరప్ప పిల్లను తీసుకుపోవడానికి వచ్చాడు. రుక్కమ్మ రేకు పెట్టె ముందేసుకొని సర్దింది. పలక, రిబ్బన్లు, మంచి గౌన్లు, చలికోటు. పిల్లకు గరిటెలో మీగడ పెట్టి, జడ వేసింది. ఎప్పటికన్నా గట్టిగా అల్లిందేమో, పిల్ల "నొస్తుంది అవ్వా" అంది. పెట్టె మూత పడింది. దొడ్లో దండెం మీద రెండు గౌన్లు, ఒక లంగా, ఎప్పుడో ఎండి గలగలలాడుతున్నాయి.

"అత్తమ్మా, గవి మర్చిపోయినవ్. తీసి మడతపెట్టియ్యి, పెట్టెల జాగ ఉన్నది."

రుక్కమ్మ దండెం వైపు చూసింది, అల్లుడి వైపు చూసింది. పిల్ల చెయ్యి పట్టుకొని స్టేషన్ దారి పట్టింది.

"మర్చిపోలే," అంది.